చిన్న వయసులో లొంగని బీపీ: నా విషయంలో కారణం అడ్రినల్ గ్రంథి

మీ తమ్ముడికి 29 ఏళ్లకే బీపీ 160/100 ఉందని, రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా దిగడం లేదని, అందరూ ‘టెన్షన్ వల్లే’ అంటున్నారని రాశారు. వెనుక వేరే జబ్బు ఉండవచ్చా అని మీ ప్రశ్న. ఉండవచ్చు. నాకు ఉంది.

నాకు 34వ ఏట 170/110తో మొదలైంది. రెండేళ్లలో మాత్రలు మూడయ్యాయి. ఇంట్లో ఉప్పు తగ్గించారు, ఆవకాయ జాడీ అటకెక్కింది, అయినా అంకె కదలలేదు. ఆ రోజుల్లోనే రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి, మూత్రానికి మూడు నాలుగు సార్లు లేచేవాణ్ణి. ఒకరోజు పీట మీద నుంచి లేవబోతే తొడలు సహకరించక గోడ పట్టుకున్నాను. వీటికీ బీపీకీ సంబంధం ఉంటుందని తట్టక డాక్టరుకు చెప్పలేదు. అది నా తప్పే.

తరువాత చూసిన డాక్టరమ్మ పాత రక్తపరీక్ష కాగితంలో పొటాషియం 2.9 అన్నచోట వేలు పెట్టి ఆగారు. అది 3.5కు తగ్గకూడదు. “అతిమధురం చూర్ణం వాడుతున్నారా?” అని అడిగారు. నాకు నవ్వొచ్చింది కానీ, అతిమధురం మోతాదు మించినా బీపీ పెరిగి పొటాషియం పడిపోతుందట! వాడటం లేదన్నాక ఒంట్లో ఉప్పునూ బీపీనీ అదుపు చేసే ఆల్డోస్టిరాన్, రెనిన్‌ల రక్తపరీక్షలు రాశారు.

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లో, నా ఎడమదానిలో 1.4 సెంటీమీటర్ల గడ్డ ఉంది. చిన్న రేగుకాయంత. అది ఆల్డోస్టిరాన్‌ను అతిగా తయారుచేసి, ఉప్పును ఒంట్లో నిలిపేసి, పొటాషియాన్ని మూత్రంలో బయటికి పంపేస్తోంది. 1955లో అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్ వివరించిన జబ్బు ఇది. స్కాన్‌లో గడ్డ కనిపించగానే కోసేయరు. రెండు వైపులా అడ్రినల్ గ్రంథుల సిరల నుంచి రక్తం తీసి, దోషం ఏ వైపుదో తేల్చుకున్నాకే చిన్న రంధ్రాలతో ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఒక్క మాత్రతో 130/80 దగ్గర ఉంటోంది. దోషం రెండు వైపులా ఉంటే సాధారణంగా ఆపరేషన్ చేయరు, ఆల్డోస్టిరాన్ పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ లాంటి మందులే ఇస్తారు.

మీ తమ్ముడిదీ ఇదే అనడం లేదు. గట్టిగా గురక పెట్టి పగలు కునికిపాట్లు పడుతుంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బును అనుమానించాలి. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, ఇంకా థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఉన్నట్టుండి తలనొప్పి, చెమటలు, గుండెదడ కలిసి వస్తుంటే అది అడ్రినల్‌లోనే వచ్చే మరో రకం గడ్డ కావచ్చు. మూత్రపిండాల రక్తనాళం సన్నబడినా ఇలాగే అవుతుంది. రెండు చేతుల్లోనూ, ఒకసారి కాలిలోనూ బీపీ చూడమనండి. పెద్ద రక్తనాళంలో పుట్టుకతోనే నొక్కు ఉంటే తేడా అక్కడ బయటపడుతుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రల సంగతీ దాచవద్దు.

పొటాషియం సరిగ్గా ఉన్నంత మాత్రాన ఆల్డోస్టిరాన్ పరీక్ష అక్కర్లేదనుకోకండి, ఈ జబ్బున్న చాలామందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది. కొన్ని బీపీ మందులు ఈ పరీక్షను తారుమారు చేస్తాయి. నాకు ఒక మాత్రను నాలుగు వారాల ముందే మార్చారు. ఆ మార్పు డాక్టరే చేయాలి, మీ తమ్ముణ్ణి సొంతంగా ఏదీ ఆపనివ్వకండి.