ఒక గిన్నెల ఒకటే ఈగ

హనుమకొండ

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ కోడలు సముద్రం ఒడ్డున కొత్త ఈగను పట్టిందట అన్నా, దానికి పేరు పెడ్తదట" అన్నది. మస్తు సంబురమైంది. ఫోన్ పెట్టేసినంక భయం పట్టుకున్నది. చెరువులు తప్ప సముద్రం ఎరగని జిల్లాల పెరిగినదానివి, కాకినాడ దిక్కు బురదల మోకాళ్ల లోతు దిగి వల తిప్పుతున్నవంటే ఈగ సంగతి తర్వాత, ముందు నువ్వు ఒడ్డెక్కాలె కద. అందుకే మొదలు నీళ్ల గురించి రాస్త, చదవకుంట దాటిపోకు.

అమావాస్యకు, పున్నమికి పోటూ పెద్దదే, ఆటూ పెద్దదే. ఆటుకు బురద చాన దూరం బయటపడుతది, నీ పొడుగుకాళ్ల ఈగలు ఆ తడి మీదనే తిరుగుతయి. కాని తిరిగొచ్చే నీళ్లు సముద్రం దిక్కు నుంచే రావు. మడచెట్ల నడుమ కాలువల్లకెళ్లి నీ వెనకనుంచి వస్తయి. ఆటు పూర్తిగ తగ్గే సమయానికి గంటన్నర ముందు దిగు, తగ్గిన అరగంటకే బయటికి రా. ఒక్కదానివే పోకు. పడవాయన "ఎక్కమ్మా" అంటే ఎక్కు, ఇంకొక్క ఈగ అని వాదించకు. కోరింగ అభయారణ్యం లోపల పడుతుంటే అటవీశాఖ అనుమతి చేతిల ఉండాలె, దాని నంబరు వ్యాసంల కూడ రాయాలె.

పట్టుడు నీకు తెలుసు: చిన్న వల, నోటితోటి పీల్చే గొట్టం, పసుపు పళ్లెంల నీళ్లు, రెండు చుక్కల సబ్బు. పళ్లెంల పడ్డ ఈగలను మంచినీళ్లల్ల కడిగినంకనే ఆల్కహాల్‌ల వెయ్యి. లేకుంటె ఎండినప్పుడు ఉప్పు పలుకులు వెంట్రుకలకు అంటుకుంటయి, లెక్క తప్పుతవు. రూపం చూసేటివి 70 శాతం ఇథనాల్‌ల, డీఎన్‌ఏకు 95 శాతంల. 95ల ఈగ పెళుసుబారి కాళ్లు రాలుతయి, అన్నీ అందులనే పెట్టకు. మొదటి రోజు దాటంగనే ఆల్కహాల్ మార్చు, ఈగల ఒంటి నీళ్లతోటి అది పలుచబడుతది.

రంగు మాత్రం అక్కడనే రాసుకో. ఆకుపచ్చ లోహపు మెరుపు ఆల్కహాల్‌ల మారిపోతది. ఒంటి మీది బూడిద లాంటి పొడి తడిల అస్సలు కనబడది, దానికోసం కొన్నిటిని ఎండబెట్టి పెట్టుకోవాలె. ఊకె గాలికి ఆరబెడితే 3 మిల్లీమీటర్ల ఈగ ఎండు మిరపకాయ లెక్క ముడుచుకపోతది. ముడుచుకపోకుంట ఆరబెట్టే యంత్రం, క్రిటికల్ పాయింట్ డ్రయ్యర్, దొరికితే సరే, లేకుంటె అదే పని చేసే హెచ్ఎమ్‌డీఎస్ అనే ద్రవం వాడు, అది కూడ పొగ గుంజే అలమారల. ఆరినంక పిన్నుకు గుచ్చిన మూడుకోణాల కాగితం కొసకు కుడి పక్క నుంచి అతికించు. ఎడమ పక్క మొత్తం చూసేటందుకు ఖాళీగ ఉంటది. అప్పుడే పుట్టిన ఈగలు పాలకంకి లెక్క పాలిపోయి మెత్తగ ఉంటయి. వాటిని చూసి "రంగు వేరే, కొత్త జాతి" అనుకోకు.

లేబుల్ సీసా లోపల ఉండాలె, మూత మీద కాదు. మూతలు మారుతయి. పెన్సిల్ గాని, ఆల్కహాల్‌ల కరగని నల్ల సిరా గాని. బాల్ పెన్ను రాత్రికి రాత్రే నీలి నీళ్లవుతది. ఊరు, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, తేది, ఎవరు పట్టిండ్రు, ఎట్ల పట్టిండ్రు, బురదనా ఇసుకనా, అన్నీ రాయి. తేదిల నెలను రోమన్ అంకెలల్ల రాయి, లేకుంటె 5-6 అంటే మేనా జూనా అని వచ్చేటోళ్లు కొట్టుకుంటరు.

ఇగ నాకు నిద్ర పట్టనియ్యని సంగతి.

ఈ ఈగలల్ల పై రూపం చూసి జాతి తేల్చుడు కష్టం. మగదాని జననాంగం కడుపు కిందికి ముందటికి మడిచి ఉంటది, అసలు తేడా అండ్లనే ఉంటది. కడుపు కొస కోసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌ల (100 మిల్లీలీటర్ల నీళ్లకు 10 గ్రాములు) రాత్రంత చల్లగనే పెట్టాలె. తొందరుంటె వేడినీళ్ల గిన్నెల నిలబెట్టి అయిదు పది నిమిషాలు. నేరుగ మంట మీద పెడితే సన్నటి పొరలు కరిగిపోతయి. తర్వాత పలుచటి ఎసిటిక్ ఆసిడ్, మల్ల నీళ్లు, ఆ తర్వాత గ్లిసరిన్. ఇదంత పుస్తకాలల్ల ఉన్నది. రెండు ఈగల పని ఒక్కసారే నడుస్తున్నప్పుడు ఏం చెయ్యాలెనో నాకు ఎవరూ చెప్పలే.

నేను ఒక కొత్త జాతిని వర్ణించేటప్పుడు, టైమ్ కలిసొస్తదని రెండు మగవాటి కడుపు కొసలు ఒకే గిన్నెల ఉడకబెట్టిన. రెండిటినీ ఒకే స్లైడు మీద, ఎడమకు హోలోటైప్ (కొత్త పేరుకు ఆధారంగ నిలిచే ఒక్క నమూనా) అనుకున్నది, కుడికి పక్క జాతిది పెట్టిన. కాగితం మీద "ఎడమ, కుడి" అని మాత్రమే రాసుకున్న. కాంపౌండ్ మైక్రోస్కోప్ బొమ్మను తిరగేసి చూపిస్తది, స్లైడు ఎడమకు జరిపితే లోపల బొమ్మ కుడికి పోతది. నేను పొద్దంత స్టీరియో మైక్రోస్కోప్ కింద పనిచేసి, సాయంత్రం కాంపౌండ్‌కు మారిన. స్టీరియోల ఎడమ ఎడమనే. ఆ అలవాటుల ఏది ఎవరిదో తారుమారైంది. బొమ్మలు మస్తు మంచిగ వచ్చినయి, అందుకే అనుమానం రాలే. గీసినంక ఒక్కొక్కదాన్ని ఒక్కో చిన్న సీసాల వేసి, తప్పు పిన్నులకే కింద గుచ్చిన.

వ్యాసం అచ్చయింది. తర్వాత అదే బురదల పట్టిన కొత్త మగ ఈగలల్ల ఒళ్లు నా వర్ణనకు సరిపోయింది, కాళ్ల ముళ్లు సరిపోయినయి, జననాంగం మాత్రం వేరే. ఒక జాతి ఒంటికి ఇంకో జాతి అవయవం అతికి ఉన్నది. జంతువుల నామకరణ నియమావళిల దీనికి దారి ఉన్నది: హోలోటైప్ భాగాలు ఒకే ప్రాణివి కాదని తేలితే, తర్వాత రాసేటాయన పరాయి భాగాన్ని తీసేస్తున్ననని చెప్పి వేరు చెయ్యొచ్చు, 73.1.5 అధికరణం. దారి ఉన్నది గని, ఆ వ్యాసం నమ్మి బొమ్మ చూసి పేర్లు పెట్టుకున్నోళ్ల డబ్బాలల్ల ఎన్ని ఈగలు తప్పు లేబుల్ తోటి ఉన్నయో ఎవరు తిరిగి చూస్తరు?

అందుకే చెప్తున్న: ఒక గిన్నెల ఒకటే ఈగ. కోసే ముందే నంబరు పడాలె, పిన్నుకు ఒకటి, గిన్నె కింద కాగితానికి అదే. కడుపు కొస ఏ గిన్నెలకు పోతే ఆ కాగితం దానితోటే పోవాలె. స్లైడు మీద ఒక్కటే. బొమ్మ గీసే కాగితం మీద "హోలోటైప్" అని కాదు, నంబరు రాయి. పని కాంగనే గ్లిసరిన్ సీసాల వేసి అదే పిన్నుకు గుచ్చినంకనే రెండోది తియ్యి. రోజుకు రెండే అయితయంటవా? కానీ, రెండే చెయ్యి. అవయవం నిలకడగ నిలబడకుంటె చేతులు తుడుచుకునే శానిటైజర్ జెల్ ఒక చుక్క వాడు, మంచిగ పట్టుకుంటది.

కోపం చేస్తున్ననని అనుకోకు. నీ చెయ్యి నాకన్న స్థిరమైనది, చిన్నప్పుడు నువ్వు సూదిల దారం ఎక్కిస్తుంటె చూసిన.

నీది థినోఫైలస్ ప్రజాతి అని మీ అమ్మ చదివి చెప్పింది, సగం అర్థమైంది. అట్లయితే మన దేశంల ఉన్న పేర్లే చూసి ఊరుకోకు. తీరపు ఈగకు రాష్ట్రం హద్దు తెల్వది. శ్రీలంక, థాయ్‌లాండ్, సింగపూర్ దాంక అచ్చయిన ప్రతి వర్ణన మొదటి రూపంలనే చదువు, పర్యాయ పేర్లు కూడ వదలకు. జాతులను పోల్చేటందుకు చదివే సీఓఐ జన్యువుల 658 అక్షరాల ముక్క వేరుగ ఉన్నదని ఒక్క దాని మీదనే నిలబడకు. డీఎన్‌ఏకు ఒకే పక్క కాలు తియ్యి, రెండో పక్క వర్ణనకు పూర్తిగ ఉండాలె. ఆడవాటిని మగవాటితోటి కలిపేటందుకు మాత్రం డీఎన్‌ఏ చాన పనికొస్తది.

వ్యాసంల ఇది కొత్త జాతి అని తేటగ అనాలె, దగ్గరి జాతుల నుంచి ఎట్ల వేరో మాటలల్ల రాయాలె, బొమ్మ ఒక్కటే చాలది. హోలోటైప్ ఏదో, ఎక్కడ పెడుతున్నవో చెప్పాలె. 1999 తర్వాత వచ్చిన పేర్లకు ఇది తప్పదు. ఆన్‌లైన్‌లనే వచ్చే పత్రిక అయితే అచ్చుకు ముందే జంతువుల పేర్ల పట్టిక జూబ్యాంక్‌ల నమోదు చేసి, అది వ్యాసంల కనబడాలె. సిద్ధాంత గ్రంథంల పేరు ముందే రాయకు. డబ్బు కడితే వారంల వేస్తమనే పత్రికల దిక్కు చూడకు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతిని తెలియజేసి, నమూనా అప్పజెప్పాలె. కలకత్తాల జువలాజికల్ సర్వేకు ఇచ్చేటట్టయితే చేతుల పట్టుకొని పో, పార్సిల్ చెయ్యకు.

పేరు సంగతి. మగాయన పేరు మీద పెడితే చివర ఇకారం, ఆడామె అయితే లాటిన్‌ల 'ఏ-ఈ' అక్షరాలు, ఊరి పేరైతే 'ఎన్సిస్'. విశేషణమైతే థినోఫైలస్ పుంలింగం కాబట్టి దానికి తగ్గట్టు ఉండాలె. నా పేరు పెడ్త అన్నవట. వద్దు. పెట్టాలని అంతగ ఉంటె మీ అమ్మమ్మ పేరు పెట్టు, వాకిట్ల ఈగలను కొంగుతోటి తోలుకుంట మనిద్దరినీ పెంచింది ఆమెనే.

చిన్న సీసాలు ఒక డబ్బా, సన్న పిన్నులు నా దగ్గర ఉన్నయి. గౌతమి రైలు ఎక్కే ముందు ఇంటికొచ్చి తీసుకపో. వచ్చే అమావాస్య రోజు ఆటు ఎన్ని గంటలకో కాగితం మీద రాసి, ఒకటి మీ అమ్మకు, ఒకటి నాకు ఇచ్చిపో.

నీ మామ