ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లాక ‘మన దేశపు విమానం’ అంటూ ఏదైనా మిగిలిందా?

ఈ ప్రశ్న వేసినవారు, ప్రభుత్వానికి సొంతంగా పెద్ద విమాన సంస్థ లేకపోవడం దేశానికి నామర్దా కాదా అని కూడా అడిగారు. నాది నెల్లూరు వైపు, గూడూరు పక్కన పల్లె. కువైట్‌లో పదకొండేళ్లు డ్రైవరుగా పనిచేశాను. విమానాల గురించి నాకు తెలిసిందంతా వెనక వరుసల్లో కూర్చుని తెలుసుకున్నదే.

మా ఇంట్లో ఈ ప్రస్తావన వస్తే ముందు మా మేనమామ కథ మొదలవుతుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగేనాటికి ఆయన అక్కడ ఒక సేటు ఇంట్లో వంటమనిషి. బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ చేరి, గుడారంలో పన్నెండు రోజులు పడి ఉన్నాడు. అమ్మాన్‌లో ఎయిరిండియా ఎక్కించుకున్నప్పుడు టికెట్టు డబ్బు అడిగినవాళ్లు లేరు. బొంబాయిలో దిగి, రైళ్లు మారి, కట్టుబట్టలతో ఇంటికొచ్చాడు. వెంట తెచ్చుకున్నది ఒక్కటే, విమానంలో అన్నంతో పాటు ఇచ్చిన స్టీలు చెంచా. మా అత్త దాన్ని ఉప్పు జాడీలో వేసింది. కాడ మీది అక్షరాలు అరిగిపోయేదాకా అది అందులోనే ఉంది. ఆ రెండు నెలల్లో ఎయిరిండియా లక్షా పదివేల మందికి పైగా తీసుకొచ్చిందని, అది గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కిందని తర్వాతెప్పుడో చదివాను. మామకు ఆ లెక్కలతో పనిలేదు. ఆయనకు దేశమంటే ఆ చెంచానే.

కానీ ఈ కథ చెప్పి ‘చూశారా, అందుకే ప్రభుత్వానికి విమానాలు ఉండాలి’ అంటే మా అబ్బాయి ఊరుకోడు. వాడి వాదన ఇది. 2020 మేలో, కరోనా వల్ల విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యేనాటికి ఎయిరిండియా ఇంకా ప్రభుత్వానిదే, అయినా టికెట్టు ఎవరికి వారే కొనుక్కున్నారు. ఆ జూన్‌లో నేనూ అలా కొనుక్కునే వచ్చాను. 2022 జనవరి 27న సంస్థ టాటాల పరమైంది. ఆ మరుసటి నెలలోనే ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైతే మన పిల్లలను ఎయిరిండియా, ఇండిగో, స్పైస్‌జెట్ విమానాలు, వాయుసేన సీ-17లు కలిసి తెచ్చాయి. ఆ ఖర్చు ప్రభుత్వం భరించింది. అంటే విమానం ఎవరిదన్నది కాదు, టికెట్టు ఎవరు కొంటున్నారన్నదే అసలు సంగతి అంటాడు. నా దగ్గర దీనికి గట్టి జవాబు లేదు. పైగా 1932లో దాన్ని మొదలుపెట్టిందీ జేఆర్‌డీ టాటానే, 1953లో ప్రభుత్వం తీసుకుంది. ఎవరి సొమ్ము వారికి చేరిందనుకోవచ్చు.

ఇక దేశానికి ప్రతినిధిగా ఉండటం అంటారా, అది సరిగ్గా చేసింది నేను చూసినంతలో శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్. ఒకసారి టికెట్టు చౌకగా దొరికిందని చెన్నై నుంచి కొలంబో మీదుగా వెళ్లాను. నెమలికన్నుల చీరలు కట్టుకున్న అమ్మాయిలు తలుపు దగ్గర చేతులు జోడించి ‘ఆయుబోవన్’ అన్నారు. నాకు అందులో మన ‘ఆయుష్షు’ వినిపించింది. అర్థమూ అదేనట, నూరేళ్లు బతకమని. ఐదు గంటలు వాళ్ల దేశంలోనే కూర్చున్నట్టుంది. కువైట్ ఎయిర్‌వేస్‌లోనూ ఆ దేశం కనిపిస్తుంది, మరో రకంగా. నేల మీద లేని మందు గాలిలోనూ ఉండదు. ఆ సంగతి తెలియక ఎక్కిన మా ఉదయగిరి మిత్రుడి ముఖం చూడాలి.

మన విమానాల్లో మన జాడ ఎంత ఉందంటే ఒకటి చెబుతాను. ఏ సంస్థదో వద్దు, మన దేశానిదే, చెన్నై వచ్చేది. దిగేముందు నింపాల్సిన ఫారాలు పంచారు. ఆ రోజుల్లో అవి ఉండేవి. ఇంటిపనికి వెళ్లి తిరిగొస్తున్న ఆడవాళ్లు, సగం మంది ఆత్మకూరు, రాజంపేట వైపువాళ్లు, ‘అన్నా, కాస్త రాసిపెట్టు’ అంటూ చుట్టూ చేరారు. పద్నాలుగు ఫారాలు ఒకే పెన్నుతో రాశాను. మైకులో హిందీ, ఇంగ్లీషు తప్ప మరొకటి వినబడలేదు. పక్క సీట్లోని ముసలామె చాలాసేపు విని, నా వైపు వంగి అడిగింది:

“ఇది మన విమానమేనా నాయనా?”

“మనదేనమ్మా.”

“మరి మన మాట రాదే వీళ్లకు?”