సి డ్రైవ్ నిండిందని రూ.80 వేలు అప్పు చేయాలా?

ప్రశ్న: నా వయసు 32. రాజమహేంద్రవరంలో పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. సగటున నెలకు రూ.34 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు రూ.24 వేలు. ఎడిటింగ్ చేసే ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉండే డిస్క్ (సి డ్రైవ్) నిండిపోయి, వీడియో ఎక్స్‌పోర్ట్ సగంలో ఆగిపోతోంది. రూ.3,499 పెట్టి క్లీనర్ సాఫ్ట్‌వేర్ కొనమని స్క్రీన్ మీద ప్రకటన వస్తోంది. దాని బదులు ఒక లోన్ యాప్‌లో నెలకు 3 శాతం వడ్డీకి రూ.80 వేలు తీసుకుని కొత్త ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్నాను. బ్యాంకులో రూ.14 వేలు ఉన్నాయి. బీమా ఏదీ లేదు. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: ఆ అప్పు చేయకండి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. రెండేళ్ల గడువు పెట్టుకుంటే నెలకు సుమారు రూ.4,724 చొప్పున మొత్తం రూ.1,13,000 దాటి కడతారు. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. ఆషాఢంలో, మూఢాల్లో మీకు పెళ్లిళ్లు ఉండవు. కిస్తీ మాత్రం ఆ నెలల్లోనూ కట్టాల్సిందే. చేతిలో రూ.14 వేలు పెట్టుకుని అంత కిస్తీ ఎలా నెత్తిన వేసుకుంటారు?

మీ ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం ఉంది. వస్తువు మొరాయించగానే అసలు లోపం ఎక్కడుందో చూడకుండా అప్పుకు పరుగెత్తేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. మీ ల్యాప్‌టాప్ పాడైపోయిందని మీరు ఎక్కడా రాయలేదు. డిస్క్ నిండిందన్నారు, అంతే. అందులో ఏం నిండిందో చూశారా?

అది చూపించే విన్‌డర్‌స్టాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వ్యాపారానికి వాడినా పైసా కట్టక్కర్లేదు. విజ్‌ట్రీ ఇంకా వేగంగా పని చేస్తుంది కానీ, మీలా వృత్తి కోసం వాడేవాళ్లు లైసెన్స్ కొనాలి. విన్‌డర్‌స్టాట్‌తో సి డ్రైవ్‌ను స్కాన్ చేయిస్తే ఒక్కో ఫైల్ ఒక్కో రంగు గడిలా కనిపిస్తుంది. గడి ఎంత పెద్దదైతే ఫైల్ అంత పెద్దదన్నమాట. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల దగ్గర తరచూ కనిపించేది మీడియా క్యాష్, అంటే ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన పని కోసం దాచుకునే తాత్కాలిక ఫైళ్లు. పాత పెళ్లిళ్లది కూడా అలాగే పేరుకుపోతుంది. ప్రీమియర్ సెట్టింగ్స్‌లోని మీడియా క్యాష్ విభాగం నుంచే దాన్ని తొలగించవచ్చు. ప్రాజెక్టు మళ్లీ తెరిచినప్పుడు కావాల్సింది అదే తయారు చేసుకుంటుంది. తర్వాత డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ చూడండి. బిన్ ఖాళీ చేయనిదే తీసేసిన ఫైళ్ల జాగా తిరిగి రాదు. పాత విండోస్ ఫైళ్లు, అప్‌డేట్ల మిగులును విండోస్ సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ నుంచే తీసేయండి. విండోస్ ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో ఏదీ డిలీట్ చేయకండి. క్లీనర్‌కు రూ.3,499 కట్టడం దండగ. రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) శుభ్రం చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకండి, మైక్రోసాఫ్ట్ కూడా వాటిని సమర్థించదు.

ఒక్క జాగ్రత్త: కస్టమర్ల ఫుటేజ్ రెండు చోట్ల కాపీ ఉందని తెరిచి చూసుకున్నాకే ల్యాప్‌టాప్ నుంచి తీసేయండి. ఒకరి తలంబ్రాల వీడియో పోతే డబ్బు వెనక్కి ఇచ్చినా సరిపోదు. బయటి హార్డ్ డిస్క్ కావాలంటే వచ్చే పెళ్లి అడ్వాన్స్‌తో కొనండి, ఆ రూ.14 వేలు ముట్టుకోకండి.

డిస్క్‌ను చూసినట్టే మీ ఖాతానూ చూడండి. రూ.34 వేలలో ఇంటి ఖర్చు పోగా రూ.10 వేలు మిగలాలి. బ్యాంకులో రూ.14 వేలే ఎందుకున్నాయి? మూడు నెలల స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని పెద్ద మొత్తాలు ఎటు పోయాయో గుర్తించండి. నాకు మీ ల్యాప్‌టాప్ కన్నా ఇదే పెద్ద టెన్షన్. మీలాంటి సీజన్ ఆదాయానికి కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే రూ.1,44,000 అత్యవసర నిధిగా ఉండాలి. కిస్తీకి కట్టాలనుకున్న రూ.4,724 నెలనెలా పక్కన పెడితే రెండేళ్లలో వడ్డీ కలపకుండానే రూ.1,13,000 దాటుతుంది. సీజన్‌లో ఇంకాస్త ఎక్కువ వేయండి. ప్రతి పెళ్లి డబ్బు అందిన రోజే కొంత వేరే ఖాతాకు మళ్లించండి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోకండి. చేయి విరిగి రెండు నెలలు కెమెరా పట్టుకోలేకపోయినా ఇల్లు గడిచేది ఆ డబ్బుతోనే.

బంగారం మీద అప్పుకు వడ్డీ తక్కువే కానీ, ఇప్పుడు అదీ అక్కర్లేదు. క్రెడిట్ కార్డు కిస్తీలూ వద్దు. ఆ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూసేందుకు అనుమతి అడిగి ఉంటే వెంటనే తీసేయండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం లోన్ యాప్‌లు వాటిని చూడకూడదు.

ఇంట్లో మీ ఒక్కరి సంపాదన మీదే ముగ్గురు బతుకుతున్నారు. రూ.50 లక్షల టర్మ్ పాలసీ (గడువులోగా మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు ఆ డబ్బు ఇచ్చే జీవిత బీమా), ముగ్గురికీ కలిపి ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. నిధి పూర్తయ్యేదాకా ఆగకండి, దరఖాస్తు ఈ నెలలోనే పెట్టండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిమ్ రాకపోవచ్చు, ఆ లెక్క మొదలయ్యేది పాలసీ తీసుకున్న రోజు నుంచే. బీపీ, షుగర్ లాంటివి ఉంటే దరఖాస్తులో దాచకండి.