మడమ నొప్పి, గోవా పోటీ, రాబోయే 65

ప్రశ్న: నాకు 64 ఏళ్లు, వచ్చే మార్చికి 65 నిండుతాయి. రిటైరయినాక ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన ట్రయాథ్లాన్ పట్టుకున్నాను. ఒలింపిక్ దూరం, అంటే 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిలు, 10 కి.మీ. పరుగు, పూర్తి చేసినవాణ్ణే. ఈసారి గోవాలో 70.3 అనే ఇంకా పెద్ద ట్రయాథ్లాన్‌కు డబ్బు కట్టాను. ఇంకా మూడు నెలలుంది. ఉగాది దాటినప్పటినుంచి కుడి మడమ వెనక, ఎముకకు మూడు వేళ్ల పైన నొప్పి. పొద్దున మంచం దిగితే గోడ పట్టుకోవాల్సిందే, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. పరుగులో మొదటి కిలోమీటరు నొప్పి, తర్వాత తెలియదు, మర్నాడు రెట్టింపు. నెల రోజులు పూర్తిగా మానేస్తే తగ్గింది. మళ్లీ తుంగభద్ర ఒడ్డున పరుగు మొదలుపెట్టగానే మొదటికొచ్చింది. షుగర్ లేదు. అంతకుముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే మందులు వాడాను, అది నయమైపోయింది. బామ్మర్ది పుత్తూరు కట్టు కట్టించుకోమంటాడు. స్నేహితుడు ఒక్క ఇంజక్షన్‌తో పోతుందంటాడు. మా ఇంటామె ‘ఈ వయసులో నీకెందుకీ తిప్పలు’ అని షూలే దాచేసింది. హైదరాబాదులో ఉన్న అల్లుడు హాఫ్ మారథాన్లు పరిగెడతాడు, ఆయనొక్కడే నా వైపు. గోవా పోవచ్చా? జపాన్‌లో 85 ఏళ్లాయన చేశాడు కదా!
— పేరు వద్దు, కర్నూలు

జవాబు: అన్నగారూ, గోవా సంగతి తర్వాత. మీ ఉత్తరంలో దారిన పోతూ రాసిన మాట ఒకటి నన్ను పట్టుకుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు ఏ మందు వాడారు? పాత చీటీ వెతకండి, లేకపోతే మందు కొన్న షాపులో అడగండి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటి పేరుంటే ఆ చీటీతోనే డాక్టరు దగ్గరికి పోండి. ఈ జాతి యాంటీబయాటిక్స్ కొందరిలో టెండన్లను, అంటే కండరాన్ని ఎముకకు కట్టిపెట్టే తాళ్లలాంటి పట్టీలను, దెబ్బతీస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా తగిలేది మీకు నొప్పి ఉన్న అకిలీస్ టెండన్‌కే. 60 దాటినవాళ్లకు, స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ఈ మందుల మీద పెద్ద హెచ్చరిక వేయించింది. మందు ఆపేసిన కొన్ని నెలలకు కూడా నొప్పి మొదలుకావచ్చు. మీది అదేనని నేననడం లేదు. పరుగు పెంచడం వల్ల కూడా అచ్చం ఇలాగే వస్తుంది. కానీ మందు వల్లే అయితే వ్యాయామం ఇంకా నిదానంగా మొదలుపెట్టాలి, ఇకమీదట ఏ డాక్టరు మందు రాసినా ముందే ఈ విషయం చెప్పాలి.

పుత్తూరు కట్టుకు పోయేది ఎముక విరిగినవాళ్లు. మీ ఎముకకు ఏమీ కాలేదు. ఇంజక్షన్ అంటే స్టెరాయిడే అయ్యుంటుంది. నొప్పి నాలుగు వారాలు మాయమవుతుంది, ఆ ధైర్యంతో మీరు పరిగెడతారు, అసలే బలహీనపడిన టెండన్ తెగిందంటే ఆపరేషన్ దాకా పోవచ్చు. ఈ ఒక్క విషయంలో స్నేహితుడి మాట వినొద్దు.

నెల రోజులు మానేసినా మళ్లీ ఎందుకొచ్చిందంటే, మానేయడం వల్లే. పిక్కను మడమ ఎముకకు కట్టిపెట్టే ఆ టెండన్‌కు రక్తం అంతంతమాత్రం అందుతుంది, అది బాగుపడేది మెల్లగా. బరువు మోయించకపోతే నొప్పి పోతుంది గానీ బలం రాదు. మీరు ఆ బలం లేని కాలితో నేరుగా పరుగుకు దిగారు.

చేయాల్సింది చెబుతాను. స్వీడన్ సర్జన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతి ఇది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, ఎడమ కాలి బలంతో పైకి లేచి, కుడి మడమను మెల్లగా మెట్టు కిందికి దించాలి. 15 సార్లు చొప్పున మూడు విడతలు మోకాలు నిటారుగా పెట్టి, మరో మూడు విడతలు మోకాలు కొంచెం వంచి. పొద్దున, సాయంత్రం, 12 వారాలు. లెక్కేస్తే రోజుకు 180. మీరు మొదటి వారమే అన్ని చేయొద్దు, విడతకు ఆరేడుతో మొదలుపెట్టి పెంచుకోండి. సులువైపోయాక భుజాన సంచిలో రెండు కిలోల బియ్యం వేసుకోండి. చేసేటప్పుడు నొప్పి ఉంటుంది. పదికి అయిదు దాకా ఫర్వాలేదు, మర్నాటి పొద్దుటికి పెరగకుండా ఉంటే చాలు. పెరిగిందా, ముందురోజు ఎక్కువ చేశారన్నమాట. నొప్పి ఎముకకు మూడు వేళ్ల పైన అన్నారు కాబట్టే మెట్టు కిందికి దించమంటున్నాను. సరిగ్గా ఎముకను అంటుకున్నచోటే అయితే మడమను నేలమట్టం దాటి దించకూడదు.

ఇంట్లో బేతంచెర్ల బండల మీద ఉత్తకాళ్లతో తిరుగుతుంటారేమో. ఇంట్లో కూడా కొంచెం మడమ ఎత్తున్న చెప్పులు వేసుకోండి. మా దగ్గరికొచ్చే ఈ నొప్పులవాళ్లలో సగంమందికి ఈ మాటే కోపం తెప్పిస్తుంది, ఇంట్లో చెప్పులేమిటని!

ఈత మానక్కర్లేదు. గోడ దగ్గర తిరిగేటప్పుడు మాత్రం ఎడమ కాలితోనే తన్నండి. ఓర్వకల్లు దాకా సైకిలు కూడా తొక్కండి, కాకపోతే సీటు మీంచి లేచి నిలబడి తొక్కొద్దు, షూ కింద పెడల్‌కు తగులుకునే బిళ్లను (క్లీట్) కొంచెం మడమవైపు జరిపించుకోండి. అప్పుడు పిక్క మీద భారం తగ్గుతుంది. పరుగు మాత్రం ఇప్పుడు కాదు. ఒంటికాలి మీద మునివేళ్లపై లేవడం కుడి ఎడమలకు సమానంగా వచ్చిన రోజున, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెడదాం. ఎప్పుడైనా వెనకనుంచి ఎవరో తన్నినట్టు ‘ఠప్’మని, మునివేళ్ల మీద నిలబడలేకపోతే, అదే రోజు ఎముకల డాక్టరును కలవాలి.

ఇక గోవా. 70.3 అంటే మైళ్లు, మన లెక్కలో 113 కి.మీ.: 1.9 ఈత, 90 సైకిలు, 21.1 పరుగు. మూడు నెలల్లో మీ మడమ మొదటి రెండింటికి సిద్ధమవుతుంది, మూడోదానికి కాదు. వచ్చే ఏడాది లెక్క వేరే. ఈ పోటీల్లో వయసు లెక్కించేది ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి. ఈసారి మీరు 60–64 గుంపులో అందరికంటే ముసలి, వచ్చే ఏడాది 65–69 గుంపులో అందరికంటే పిల్లవాడు! పరుగెత్తాలనుంటే అప్పుడు పరుగెత్తండి.

మీరన్న జపాన్ ఆయన హిరోము ఇనాడా. 2018లో హవాయి ఐరన్‌మ్యాన్, అంటే 70.3కి రెట్టింపు దూరముండే ట్రయాథ్లాన్, పూర్తి చేశాడు, నిజమే. అంతకుముందు 2015లో అదే పోటీలో 17 గంటల గడువు కొద్ది సెకన్లలో తప్పిపోయింది. ఏడాది ఆగి మళ్లీ వచ్చాడు. ఇంట్లో ఆమెకు 85 సంగతి కాక, ఈ ఏడాది ఆగిన సంగతి చెప్పండి, షూలు బయటికొస్తాయి.

కట్టిన డబ్బు వృథా కాకూడదంటే రిలే జట్టుకు మార్చడం వీలవుతుందేమో నిర్వాహకులకు ఇప్పుడే రాసి అడగండి. ఈతా సైకిలూ మీరు చేయండి, పరుగు అల్లుడికివ్వండి. మిరామార్ బీచ్‌లో నీళ్లలోంచి లేచాక సైకిలు దాకా ఉత్తకాళ్లతో ఇసుకలో పోవాలి, పక్కవాళ్లు పరిగెడుతుంటారు. మీరు నడిచే పోండి. రెండు నిమిషాలు పోతే అల్లుడు చూసుకుంటాడు.