ఉప్పు నీరు మానేసి నేరుగా మందు పెట్టుకోవచ్చా?

సమస్య: నా వయసు 58. బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పై కఫం పేరుకునే జబ్బు) ఉంది. నెబ్యులైజర్‌లో ముందు 3% ఉప్పు నీరు, కఫం తీసేశాక టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ మందు పెట్టుకోమన్నారు. మందు కణాలు కంటికే కనిపించవు కదా, కఫంలోంచి వాటంతటవే వెళ్లిపోవా? ఉప్పు నీరు మానేయొచ్చా?

సలహా: మానేయొద్దండీ. మీ అనుమానంలో సగం నిజముంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఈసారి కప్పులో పడిన కఫాన్ని పుల్లతో ఎత్తి చూడండి, తీగలా సాగుతుంది. మ్యూసిన్ అనే పొడవాటి గొలుసు అణువులు అందులో పెనవేసుకుని ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నవారి శ్వాసనాళాల్లోని జిగురులో దాదాపు 97 శాతం నీరే. మిగిలిన ఆ కాస్తలోనే ఈ గొలుసులు వల అల్లుతాయి. వల కన్నాలు కొన్ని వందల నానోమీటర్లకు మించవు. సుమారు 1000 నానోమీటర్లుండే బ్యాక్టీరియా అందులో చిక్కుకుంటుంది. మీ మందు అణువు ఒకట్రెండు నానోమీటర్లే. అంత చిన్నదానికి కఫం చిక్కదనం పెద్దగా తగలదు, గొలుసుల మధ్యనున్న నీటిలోంచి జారిపోతుంది. మీరు అన్నది ఇంతవరకూ సరైనదే.

అయితే టోబ్రామైసిన్‌ది ధనావేశం, మ్యూసిన్‌ది రుణావేశం. కన్నంలో పట్టినా, దారిలో గొలుసులకు అతుక్కుపోతుంది. ఇన్ఫెక్షన్‌లో చనిపోయిన తెల్ల రక్తకణాల నుంచి బయటపడే డీఎన్‌ఏ కూడా రుణావేశపు గొలుసే, అదీ మందును పట్టేసుకుంటుంది. పైగా కఫం పొర రెండింతలైతే, అడుగుకు చేరడానికి మందుకు పట్టే సమయం నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. కఫం గడ్డకట్టినచోట మందు పైపైనే ఆగిపోయేది ఇందుకే.

ఉప్పు నీరు చుట్టుపక్కల నుంచి నీటిని లాగి ఆ వలను వదులు చేస్తుంది. కఫం పలచబడి దగ్గుతో బయటికొస్తుంది. తర్వాత పెట్టుకున్న మందుకు దాటాల్సిన దూరమూ, దారిలో పట్టేసే గొలుసులూ తగ్గుతాయి. మీ డాక్టర్ చెప్పిన వరుస అందుకే, దాన్ని మార్చకండి.

ఉప్పు నీటితో కొందరికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. అలాంటివారికి ముందుగా శ్వాసనాళాలను వదులు చేసే సాల్బుటమాల్ మందు ఇస్తాం. మీకు పిల్లికూతలు, ఛాతీ బిగుతు వస్తే ఆపేసి డాక్టర్‌తో మాట్లాడండి. ఇంట్లో ఉప్పు కలిపిన నీరు ఎంత మరిగించినా నెబ్యులైజర్‌లో వాడొద్దు, సూక్ష్మక్రిమి రహితమైన ద్రావణమే వాడాలి. కఫంలో రక్తం పడినా, టోబ్రామైసిన్ మొదలుపెట్టాక చెవుల్లో హోరు వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి.