కంట్రోల్ డెక్‌కి మిడ్‌రేంజ్ ఎదురైతే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో పయనీర్ ఫార్మాట్ మీద విశాఖ పాఠకులు పంపిన ప్రశ్నలివి. 2012లో వచ్చిన రిటర్న్ టు రావ్నికా సెట్ మొదలుకొని ఆ తర్వాతి కార్డులతో ఆడే ఫార్మాట్ అది. రాసినవాళ్లంతా ఆడేది తెలుపు-నీలం కంట్రోల్ (ఎదుటివాళ్ల కార్డుల్ని ఆపుతూ ఆటను సాగదీసి గెలిచే డెక్), అందరూ ఓడుతున్నది నలుపు-ఎరుపు మిడ్‌రేంజ్ (మధ్యస్థాయి ఖర్చుతో ఒక్కోటీ బలంగా ఉండే కార్డుల డెక్) చేతిలో. డెక్ కట్టే ముందు తాజా నిషేధాల జాబితా ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మొదటి నాలుగు టర్నులు బాగానే నెట్టుకొస్తాను. అవతలివాళ్లు ఏది వేసినా ఏదో ఒకటి పెట్టి ఆపుతాను. ఆరో టర్నుకల్లా నా చెయ్యి ఖాళీ, వాళ్ల దగ్గర మాత్రం ఇంకా సరుకు ఉంటుంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నానండీ? (గాజువాక)

జవాబు: వేసిన ప్రతి కార్డునీ ఆపాలని చూడటమే పొరపాటు. మిడ్‌రేంజ్ కార్డులన్నీ ఒక్క బరువువి కావు. కొన్నిటికి మీ కార్డు ఒకటి ఖర్చుపెడితే లెక్క సరిపోతుంది. కొన్ని మాత్రం దిగాయంటే మీవి రెండు మూడు తినేస్తాయి. మీ కౌంటర్లు (ఎదుటివాళ్లు వేసే కార్డును దిగకముందే రద్దుచేసేవి) ఆ రెండో రకం కోసం దాచాలి.

ఫేబుల్ ఆఫ్ ద మిర్రర్ బ్రేకర్‌నే తీసుకోండి. 3 మానా కార్డు (మానా అంటే ల్యాండ్ కార్డులు ఇచ్చే శక్తి, మిగతా కార్డులు వేయడానికి కట్టే ఖర్చు). దిగగానే 2/2 (దెబ్బ 2, ఓర్పు 2) గాబ్లిన్ టోకెన్ ఇస్తుంది, అంటే కార్డు లేకుండానే పుట్టే క్రీచర్ (దాడిచేసే ప్రాణి). అది దాడి చేసినప్పుడల్లా ఒక ట్రెజర్ (ఒకసారి మానా ఇచ్చే టోకెన్) వస్తుంది. తర్వాతి టర్నులో పనికిరాని కార్డులు రెండు దాకా పారేసి కొత్తవి తీసుకోవచ్చు. ఆపై టర్నులో కార్డు తిరగబడి తానే క్రీచర్ అయిపోతుంది. బోర్డు మీదికి వచ్చాక ఆపాలంటే గాబ్లిన్‌కి ఒకటి, తిరగబడ్డ క్రీచర్‌కి ఒకటి కావాలి, మధ్యలో వాళ్లు మార్చుకున్న కార్డులు ఎలాగూ వాళ్లవే. దాన్నే 2 మానా డోవిన్స్ వీటోతో కౌంటర్ చేస్తే మొత్తం ఒక్క కార్డుతో పోతుంది. వీటో క్రీచర్ కాని కార్డుల్నే ఆపుతుంది, ఫేబుల్ ఎన్‌చాంట్‌మెంట్ కాబట్టి దానికి పనిచేస్తుంది.

ఇక్కడే చాలామంది జారిపోతారు. అవతలివాళ్లు ముందు ఆడితే, వాళ్ల మూడో టర్నుకి మీ దగ్గర ఉండేది రెండే ల్యాండ్లు. మీ రెండో టర్నులో ట్యాప్ అయి దిగే ల్యాండ్ (వెంటనే మానా ఇవ్వలేనిది) వేశారంటే ఫేబుల్ వచ్చేటప్పటికి మీకు మిగిలేది ఒక్క మానా. చేతిలో వీటో ఉండీ చూస్తూ కూర్చోవాలి. అలాంటి ల్యాండ్ ఉంటే మొదటి టర్నులోనే వేసెయ్యండి. రెండో టర్ను చివరికి ఒక తెలుపు, ఒక నీలం విడిగా నిలబడి ఉండాలి.

రెండోది షియోల్‌డ్రెడ్ ద అపోకలిప్స్, 4 మానాకి 4/5. మీరు కార్డు డ్రా చేసిన ప్రతిసారీ మీకు 2 లైఫ్ పోతుంది (లైఫ్ సున్నా అయితే ఓడినట్టే). దానితో పాటు 4 దెబ్బ. మీరు 20 లైఫ్ మీద ఉండగా దిగి ఏ అడ్డూ లేకుండా కొడుతూ పోతే, అక్కణ్నుంచి మీ నాలుగో డ్రాతోనే ఆట అయిపోతుంది. ఇది క్రీచర్ కాబట్టి వీటో పనిచేయదు. దేన్నైనా కౌంటర్ చేసే 3 మానా ఆబ్జార్బ్ దీనికోసం ఉంచండి. దిగిపోయిందనుకోండి, 5 మానా టెఫెరీ హీరో ఆఫ్ డొమినారియాతో (టర్నుకొకసారి తన శక్తుల్లో ఒకటి వాడుకోనిచ్చే ప్లేన్స్‌వాకర్ కార్డు) కార్డులు లాగకండి, ఒక్కో కార్డుకీ 2 లైఫ్ కట్టాలి. మెమరీ డెల్యూజ్ మాత్రం నిశ్చింతగా వేసుకోవచ్చు. అది పై నాలుగు కార్డులు చూసి రెండింటిని చేతిలో పెట్టుకోమంటుంది, డ్రా చేయమనదు, అందుకని షియోల్‌డ్రెడ్ దెబ్బ తగలదు. ఆ రెండు కార్డుల్లో క్రీచర్లన్నిటినీ తుడిచేసే 4 మానా సుప్రీమ్ వర్డిక్ట్ దొరికితే అక్కడే ఆట నిలబడుతుంది.

ఇక వాళ్ల మొదటి టర్ను థాట్‌సీజ్. మీ చెయ్యి చూసి, ల్యాండ్ కాని కార్డు ఒకటి ఎంచి తీసేస్తారు. ఐదు ల్యాండ్లు, ఒక వర్డిక్ట్, ఒక టెఫెరీ ఉన్న చెయ్యి చూడ్డానికి బాగుంటుంది గానీ, వర్డిక్ట్ పోయిందంటే మొదటి నాలుగు టర్నులూ మీకు పనే ఉండదు. ఒకే పని చేసే కార్డులు రెండున్న చెయ్యి ఉంచుకోండి.

ప్రశ్న: వర్డిక్ట్ వేయడానికి ఎన్ని క్రీచర్లు పోగయ్యేదాకా ఆగాలి? (ఎంవీపీ కాలనీ)

జవాబు: రెండు చాలు. షియోల్‌డ్రెడ్ అయితే ఒక్కటున్నా వేసెయ్యండి.

మూడు నాలుగు పోగవుతాయని చూడటం చిన్న క్రీచర్ల డెక్‌ల మీద అలవాటైన పద్ధతి. మిడ్‌రేంజ్ ఆడేవాళ్లకి మీ దగ్గర వర్డిక్ట్ ఉందని తెలుసు. రెండు దించి, మూడోది చేతిలో పట్టుకుని కూర్చుంటారు. గాబ్లిన్, బోన్‌క్రషర్ జెయింట్ కలిపి టర్నుకి 6 కొడతాయి. ఒక టర్ను ఆగితే 6 లైఫ్ పోవడం ఖాయం, మూడో క్రీచర్ వస్తుందన్న పూచీ మాత్రం లేదు. పైగా బోన్‌క్రషర్‌ని ఏ స్పెల్‌తో టార్గెట్ చేసినా మీకు 2 తగులుతుంది. వర్డిక్ట్ దేన్నీ టార్గెట్ చేయదు, ఆ బాధ లేదు.

వర్డిక్ట్‌కి దొరకనిది మ్యూటవాల్ట్. మీ టర్నులో అది ఉత్త ల్యాండ్. వాళ్ల టర్నులో ఒక్క మానా కట్టి 2/2 చేసి కొడతారు. అన్నీ తుడిచేశాం అనుకున్నాక చాలా ఆటలు పోయేది దీనివల్లే. మానా వాల్యూ (కార్డు మీద రాసిన ఖర్చు) ఎక్స్ లేదా అంతకు తక్కువున్న క్రీచర్‌ని ఎగ్జైల్ చేసే, అంటే ఆట నుంచే తీసేసే మార్చ్ ఆఫ్ అదర్‌వరల్డ్లీ లైట్ ఉంటే, మ్యూటవాల్ట్ దాడికి వచ్చినప్పుడు ఎక్స్‌ని సున్నాగా పెట్టి ఒక్క తెలుపు మానాతో ఎగ్జైల్ చేయొచ్చు. ల్యాండ్‌కి మానా వాల్యూ సున్నా. ఫేబుల్ ఇచ్చే గాబ్లిన్ టోకెన్‌దీ సున్నాయే, కాబట్టి దానికీ ఒక్క మానా చాలు.

ప్రశ్న: ఐదో ల్యాండ్ పడగానే టెఫెరీ దించొచ్చా? (మధురవాడ)

జవాబు: బోర్డు ఖాళీగా ఉంటే దించండి. ప్లస్ 1 చేస్తే ఒక కార్డు వస్తుంది, ఎండ్ స్టెప్‌లో (టర్ను చివర) రెండు ల్యాండ్లు అన్‌ట్యాప్ అయి మళ్లీ మానాకి పనికొస్తాయి. ఒక తెలుపు, ఒక నీలం వచ్చేలా ఎంచుకుంటే వాళ్ల టర్నుకి వీటో సిద్ధం. వీటో చేతిలో లేకపోతే, మిగతా పరిస్థితి ఎంత బాగున్నా ఒక టర్ను ఆగడం మేలు. ఎదురుగా ఒకే క్రీచర్ ఉంటే మైనస్ 3తో దాన్ని లైబ్రరీలో (వాళ్లు కార్డులు తీసుకునే కట్టలో) పైనుంచి మూడో స్థానంలోకి పంపొచ్చు గానీ టెఫెరీ లాయల్టీ (దాని ప్రాణబలం) 1కి పడిపోతుంది, మ్యూటవాల్ట్ వచ్చి ముగించేస్తుంది. ఆ టర్నుకి ద వాండరింగ్ ఎంపరర్ మేలు. 4 మానా, వాళ్ల దాడి మధ్యలోనే దించి, ట్యాప్ అయిన క్రీచర్‌ని ఎగ్జైల్ చేసి 2 లైఫ్ తీసుకోవచ్చు.

ప్రశ్న: 60 కార్డుల్లో 24 ల్యాండ్లు పెట్టాను. చాలవా? (సీతమ్మధార)

జవాబు: చాలవు. ముందు ఆడేవాళ్లు నాలుగో టర్నుకి 10 కార్డులు చూస్తారు. మలిగన్ (మొదటి చెయ్యి మార్చుకోవడం) లేకుండా లెక్కేస్తే, అందులో నాలుగు ల్యాండ్లు పడకపోయే అవకాశం 24 ల్యాండ్లతో దాదాపు 37 శాతం, 26తో 28, 27తో 25. నాలుగో టర్నులో వర్డిక్ట్ వేయలేని కంట్రోల్ డెక్‌తో మిడ్‌రేంజ్‌ని గెలవడం కష్టం. 26కి తగ్గకండి.

ప్రశ్న: రెండో ఆటకి సైడ్‌బోర్డ్ (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) నుంచి ఏం తెచ్చుకోవాలి? (పెందుర్తి)

జవాబు: మీ దగ్గర క్రీచర్లు లేవని తెలిశాక వాళ్లు క్రీచర్లను చంపే ఫేటల్ పుష్‌లాంటివి తీసేసి, మీ చేతిలోంచి కార్డు తీసేసే డ్యూరెస్‌లాంటి డిస్కార్డ్ కార్డులు దించుతారు. సరిగ్గా అప్పుడు లైరా డాన్‌బ్రింగర్ రెండు పెట్టండి. 5 మానాకి ఎగిరే 5/5, కొట్టిన ప్రతిసారీ లైఫ్ ఇస్తుంది. డ్యూరెస్ క్రీచర్‌ని తీయలేదు. గ్రేవ్‌యార్డ్‌లు (వాడేసిన కార్డుల కుప్పలు) ఖాళీచేసే రెస్ట్ ఇన్ పీస్ తేవద్దు, గ్రేవ్‌యార్డ్ నుంచి 7 మానాకి మళ్లీ వేసుకోవాల్సిన మీ మెమరీ డెల్యూజ్ కూడా దాంతో పోతుంది. మిస్టికల్ డిస్ప్యూట్ అనే కౌంటర్ కూడా వద్దు. నీలం స్పెల్ మీదే అది ఒక్క మానాకి వస్తుంది, ఇక్కడ మూడు కట్టాలి.

ప్రశ్న: ఫాయిల్ కార్డులు వంగిపోతున్నాయి. స్లీవ్‌లో పెట్టినా అంతే. (బీచ్ రోడ్డు)

జవాబు: సముద్రపు గాలిలో తేమకి కార్డులోని కాగితం ఉబ్బుతుంది, పైనున్న ఫాయిల్ పొర ఉబ్బదు, దాంతో అంచులు బొమ్మవైపు లేస్తాయి. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, రోజూ చూసుకుంటూ, చదునుగా రాగానే పొట్లాలు తీసెయ్యండి. అతిగా ఆరితే రెండోవైపు వంగుతాయి. టోర్నమెంట్‌లో మాత్రం జాగ్రత్త. డెక్‌లో నాలుగు టెఫెరీలే ఫాయిల్ అయి అవే వంగి ఉంటే, వెనకనుంచి చూసి గుర్తుపట్టొచ్చని జడ్జి వాటిని మార్క్డ్ కార్డులుగా లెక్కకట్టొచ్చు. పోటీ డెక్‌లో మామూలు ప్రింటే వాడండి.