ఇంటి కాన్పు చట్టంలో నాకే చోటు లేకపోతే?

ప్రశ్న: మాది సైనిక్‌పురి. నాకిప్పుడు ఆరో నెల. మొదటి కాన్పు సిజేరియన్. ఈసారి ఇంట్లోనే మిడ్‌వైఫ్ సాయంతో కనాలని ఉంది. ఆవిడేమో ‘ఏం జరిగినా బాధ్యత మాదే’ అని మా ఇద్దరి చేతా సంతకం పెట్టించుకుంటానంటున్నారు. కేసులవుతాయేమోనని మావారికి టెన్షన్. ఈలోగా తెలిసిన తల్లులు, మిడ్‌వైఫ్‌లు కలిసి ఇంటి కాన్పులు చేసేవారికి లైసెన్సులివ్వాలని ప్రభుత్వానికి వినతిపత్రం తయారుచేశారు. కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ, పాత సిజేరియన్ ఉన్నవాళ్లకు ఇంటి కాన్పు వద్దని అందులో వాళ్లే రాసేశారు. నన్ను నేనే పక్కన పెట్టుకుంటూ సంతకం చేయాలా?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ముందు మీవారి సంగతి. ఇంట్లో కనడం మన దేశంలో నేరం కాదమ్మా. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ఇంటి కాన్పులుంటాయని ఒప్పుకునే రాసింది. ఇంట్లో బిడ్డ పుడితే ఇంటి పెద్ద 21 రోజుల్లోగా రిజిస్ట్రార్‌కు చెప్పాలి. కాన్పు చేసిన మంత్రసానికీ తెలియజేసే బాధ్యత ఉంది. కానీ నేరం కాదన్నంత మాత్రాన కేసు రాదని కాదు. 2018లో తమిళనాడులోని తిరుప్పూరులో ఇంటి కాన్పులో తల్లి చనిపోతే పోలీసులు భర్తను అరెస్టు చేశారు.

ఇక ఆ కాగితం. ప్రమాదాలన్నీ వివరంగా రాసి ఉంటే, మీకు ముందే చెప్పారనడానికి సాక్ష్యంగా పనికొస్తుంది. అంతకుమించి బలం లేదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే వచ్చే క్రిమినల్ కేసును ముందే సంతకంతో మాఫీ చేయడం ఎవరి తరమూ కాదు. అలాగని ఆవిడ భయాన్ని తప్పుపట్టలేను. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఇలాంటి మరణానికి 5 ఏళ్ల దాకా జైలు. వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు 2 ఏళ్లకు మించదు. ఆ మినహాయింపు మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లకే. నర్సింగ్ కౌన్సిల్‌లో మిడ్‌వైఫ్‌గా నమోదైనా ఆవిడకు వర్తించదు. అసలు ఆవిడకు ఆ నమోదైనా ఉందో లేదో అడిగారా?

కేంద్రం 2018 మార్గదర్శకాల్లో 18 నెలల శిక్షణతో ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే హోదా తెచ్చింది. ఈ పనిలో తెలంగాణ ముందే ఉంది. అయితే వాళ్లు కాన్పులు చేసేది ఆస్పత్రుల్లోనే. మీ వినతిపత్రం అడుగుతున్నది అంతకు మించిన మెట్టు.

తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 చెప్పింది. ప్రభుత్వం గొప్పగా చెప్పుకునే అంకె ఇది. దాన్ని తగ్గించే ఫైలు మీద ఏ అధికారి సంతకం పెడతారు? అదే సర్వేలో సిజేరియన్లు 60 శాతం పైనే ఉన్నాయి, దాని గురించి మాత్రం ఎవరూ గొప్పలు పోరు. అందుకే మీవాళ్లు ముందే బేరం తగ్గించుకుని వెళ్తున్నారు.

కోర్టుకెళ్తే పోలేదా అంటారేమో. 2010లో యూరప్ మానవ హక్కుల కోర్టు, హంగరీలో ఇంటి కాన్పుల చట్టం అస్పష్టంగా ఉండడం తల్లి హక్కుకు భంగమేనంది. మరుసటి ఏడాదే ఆ దేశం నిబంధనలు తెచ్చింది, షరతులతోనే. 2016లో చెక్ రిపబ్లిక్ తల్లులు అడిగితే అదే కోర్టు, అది ఆ దేశం నిర్ణయించుకోవాల్సిన విషయమని చెప్పి పంపేసింది. పిల్లల్ని కనడం గురించిన నిర్ణయం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని మన సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. దాన్ని పట్టుకుని ‘ఇంటికొచ్చే మిడ్‌వైఫ్‌కు లైసెన్స్ ఇచ్చి తీరాలి’ అనే ఆర్డరు తేవడం కష్టం.

పాత సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే, సుమారు 200 మందిలో ఒకరికి గర్భసంచి మీది పాత కోత విచ్చుకుంటుంది. అప్పుడు నిమిషాల్లో ఆపరేషన్ జరగాలి. సాయంత్రం పూట ఈసీఐఎల్ చౌరస్తా దాటడానికి ఎంత సేపు పడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. కాబట్టి ఆ షరతు అన్యాయమని నేననను.

సంతకం పెట్టండి, కానీ కొన్ని మార్పులు చేయించాక. మినహాయింపుల జాబితా చట్టంలో కాదు, దాని కింది నిబంధనల్లో ఉండాలి. రేపు మార్చాలంటే అసెంబ్లీ దాకా వెళ్లక్కర్లేదు. షరతు మిడ్‌వైఫ్ లైసెన్సుకే తప్ప తల్లికీ ఆమె కుటుంబానికీ శిక్ష ఉండకూడదు. పాత సిజేరియన్ ఉన్నవాళ్లకు ఆస్పత్రిలోనే మిడ్‌వైఫ్ సాయంతో మామూలు కాన్పుకు ప్రయత్నించే వీలు కల్పించాలని చేర్చమనండి. అప్పుడు అందులో మీకూ చోటుంటుంది.

అన్నిటికంటే పట్టుబట్టాల్సింది ఒకటుంది. కష్టమైనప్పుడు తల్లిని ఆస్పత్రికి తెచ్చిన మిడ్‌వైఫ్ మీద, తెచ్చిందన్న ఒక్క కారణంతో కేసు పెట్టకూడదు. ఆస్పత్రి కూడా ‘ఇప్పుడా తెచ్చేది’ అంటూ తిప్పి పంపకూడదు. ఇది లేకపోతే ఎన్ని లైసెన్సులిచ్చినా లాభం లేదు. పోలీసు భయంతో ఆవిడ ఇంకో గంట చూద్దామంటుంది, ప్రాణం మీదికొచ్చేది ఆ గంటలోనే.

మీ కాన్పులోగా ఏ చట్టమూ రాదు. సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకు ఒప్పుకునే, మిడ్‌వైఫ్‌లున్న ఆస్పత్రిలో ఈ నెలలోనే పేరు నమోదు చేయించుకోండి. వెళ్లేటప్పుడు మొదటి ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకెళ్లండి, అప్పుడు కోత ఎలా పెట్టారన్నదే డాక్టరు ముందుగా చూస్తారు.